కంప్యూటర్ పుస్తకం కొంటున్నారా.. ముందు ముద్రణ వివరాల పేజీ చూడండి

* పాత పుస్తకంతో కొత్త యంత్రంపై సాధన.. అడుగడుగునా ఆటంకాలు
* లోపం తమదేనని వెనుదిరుగుతున్న గ్రామీణ విద్యార్థులు
* పది నిమిషాల పరిశీలనతో సరైన పుస్తకాన్ని గుర్తించవచ్చు

సత్తెనపల్లి, మా ప్రతినిధి: డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న ఓ వ్యవసాయ కూలీ కుమారుడు విజయవాడ లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల దుకాణంలో రూ.120 చెల్లించి ‘సి’ భాష నేర్పే పుస్తకం కొన్నాడు. ఆరు వందల పేజీల పుస్తకం అంత చవకగా దొరికిందని సంబరపడ్డాడు. ఇంటికి వచ్చి బాబాయి ల్యాప్‌టాప్‌లో మొదటి ప్రోగ్రామ్‌ను అక్షరం పొల్లుపోకుండా టైప్ చేశాడు. ఎర్రర్ వచ్చింది. మళ్లీ సరిచూసి టైప్ చేశాడు. మళ్లీ అదే ఎర్రర్. పది రోజుల పాటు ఇదే తంతు. చివరికి పుస్తకాన్ని అటక మీద పడేసి, కళాశాలలో అధ్యాపకుడి వద్దకు వెళ్లి ‘సార్, కంప్యూటర్ నాకు రాదేమో, గ్రూపు మార్చుకుంటాను’ అన్నాడు.

అధ్యాపకుడు పుస్తకం తెప్పించి చూశారు. మూడు వరుసలు కొట్టేసి, ఒక పదం మార్చి ఇచ్చారు. ప్రోగ్రామ్ వెంటనే పనిచేసింది. ‘నీకు రాకపోవడం కాదయ్యా, ఈ పుస్తకం నీ కంప్యూటర్‌కు సరిపోదు, అంతే’ అన్నారు.

ఇది ఒక్కరి అనుభవం కాదు. కంప్యూటర్ నేర్చుకోవాలనే ఉత్సాహంతో చేతికందిన పుస్తకం కొని, అది చెప్పినట్లు చేసినా ఫలితం రాక, లోపం తమ బుద్ధిలోనే ఉందని నిర్ణయించుకునే విద్యార్థులు పల్లెల్లో ఎందరో ఉన్నారు. పట్టణాల్లో అయితే పక్కింట్లోనో, స్నేహితుల్లోనో చెప్పేవారు దొరుకుతారు. ఊళ్లో పుస్తకమే గురువు. ఆ గురువును ఎంచుకోవడంలో పొరపాటు జరిగితే పోయేది రూ.120 మాత్రమే కాదు. ఒక్కోసారి చదువు దారే మారిపోతుంది. ఈ నేపథ్యంలో సాఫ్ట్‌వేర్, ప్రోగ్రామింగ్, వెబ్ డిజైన్ నేర్చుకునేందుకు పుస్తకాలను ఎంచుకోవడంలో తీసుకోవాల్సిన జాగ్రత్తలపై ప్రత్యేక కథనం.

అసలు చిక్కు ఎక్కడుంది?

చరిత్ర పుస్తకం, వ్యాకరణ పుస్తకం పదేళ్లు గడిచినా పనికి వస్తాయి. కంప్యూటర్ పుస్తకం అలా కాదు. అది ఒక నిర్దిష్ట సాఫ్ట్‌వేర్‌ను, దాని ఒక నిర్దిష్ట వెర్షన్‌ను దృష్టిలో ఉంచుకొని రాసింది. యంత్రంలో ఆ వెర్షన్ లేనప్పుడు పుస్తకంలోని మాటకు, తెరపై కనిపించేదానికి పొంతన కుదరదు.

‘సి’ భాషనే ఉదాహరణగా తీసుకుందాం. మన రాష్ట్రాల్లో ఒక తరం విద్యార్థులు బోర్లాండ్ సంస్థ రూపొందించిన టర్బో సి, టర్బో సి ప్లస్ ప్లస్‌లపైనే ఓనమాలు దిద్దారు. అవి 1980ల చివర, 1990ల తొలినాళ్లలో డాస్ యంత్రాల కోసం తయారైనవి. అప్పటి పుస్తకాల్లో దాదాపు ప్రతి ప్రోగ్రామ్ ‘కోనియో.హెచ్’ అనే ఫైలును పిలుస్తూ మొదలవుతుంది. తెరను తుడిచే ‘క్లియర్ స్క్రీన్’ ఆదేశం, చివర మీట నొక్కేవరకు ఆగే ‘గెట్‌చ్’ ఆదేశం తప్పనిసరిగా కనిపిస్తాయి. ఇవి ‘సి’ భాషలో భాగం కావు. ఆ కంపైలర్ అదనంగా ఇచ్చిన సౌకర్యాలు మాత్రమే. నేడు ఉచితంగా లభించే జీసీసీ కంపైలర్‌ను లినక్స్‌లో వాడితే కోనియో.హెచ్ అనే ఫైలే కనిపించదు. విండోస్‌లో గెట్‌చ్ పనిచేసినా క్లియర్ స్క్రీన్ ఆదేశం దగ్గర ప్రోగ్రామ్ ఆగిపోతుంది. పై విద్యార్థి పుస్తకంలో అధ్యాపకుడు కొట్టేసిన మూడు వరుసలు ఇవే. ‘వాయిడ్ మెయిన్’ అని ఉన్నచోట ‘ఇంట్ మెయిన్’ అని మార్చారు.

అంతకంటే లోతైన తేడా మరొకటి ఉంది. టర్బో సి 16 బిట్ల కంపైలర్. అందులో ‘ఇంట్’ అనే పూర్ణసంఖ్యకు రెండు బైట్లే కేటాయిస్తారు. దాంతో 32,767కు మించిన సంఖ్య అందులో పట్టదు. ఇప్పటి సాధారణ కంపైలర్లలో అదే ‘ఇంట్’కు నాలుగు బైట్లు ఉంటాయి. ఫలితంగా ఒకే ప్రోగ్రామ్ రెండుచోట్ల రెండు జవాబులు ఇస్తుంది. 8 ఫ్యాక్టోరియల్ విలువ 40,320. పాత కంపైలర్‌లో ఇది పొంగిపొర్లి మైనస్ 25,216గా కనిపిస్తుంది. కొత్త కంపైలర్‌లో సరైన జవాబే వస్తుంది. అయితే 13 ఫ్యాక్టోరియల్ దగ్గరకు వచ్చేసరికి కొత్తదీ తప్పుతుంది. ఈ సంగతి తెలియని విద్యార్థి, పుస్తకంలో అచ్చయిన జవాబుకు, తెరపై వచ్చిన జవాబుకు మధ్య తేడా చూసి తికమకపడతాడు.

విండోస్ 11 వంటి 64 బిట్ల యంత్రాల్లో 16 బిట్ల ప్రోగ్రాములు నేరుగా నడవవు. డాస్‌బాక్స్ అనే మరో సాఫ్ట్‌వేర్ సాయం కావాలి. కళాశాల ప్రయోగశాలలో టర్బో సి పైనే పరీక్ష పెడితే దాన్ని నేర్చుకోక తప్పదు. అయితే ఉద్యోగం కోసం, స్వయంగా నేర్చుకోవడం కోసం కొనే పుస్తకం మాత్రం నేటి కంపైలర్‌ను అనుసరించి ఉండాలి.

పైథాన్‌లో ఒక్క వరుస చాలు

ఇటీవలి కాలంలో ప్రోగ్రామింగ్‌లో తొలి అడుగు వేసేవారికి ఎక్కువమంది సూచిస్తున్న భాష పైథాన్. ఇక్కడా ఇదే చిక్కు ఉంది. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3, అంతకు ముందున్న పైథాన్ 2తో పూర్తిగా పొసగదు. చాలా ఏళ్లు రెండూ పక్కపక్కనే నడిచాయి. 2020 జనవరి 1తో పైథాన్ 2కు మద్దతు ముగిసింది. అయినా పాత పుస్తకాలు దుకాణాల్లో, గ్రంథాలయాల్లో మిగిలే ఉన్నాయి.

గుర్తుపట్టడం చాలా తేలిక. పుస్తకంలో మొదటి ప్రోగ్రామ్ చూడాలి. ‘ప్రింట్’ అనే పదం తర్వాత బ్రాకెట్లు ఉంటే అది పైథాన్ 3 పుస్తకం. బ్రాకెట్లు లేకుండా నేరుగా కొటేషన్ గుర్తులు ఉంటే పైథాన్ 2 పుస్తకమని అర్థం. 7ను 2తో భాగిస్తే పాత వెర్షన్‌లో జవాబు 3 వస్తుంది. కొత్త దానిలో 3.5 వస్తుంది. మొదటి తేడా దగ్గర ప్రోగ్రామ్ ఆగిపోతుంది కాబట్టి తెలుస్తుంది. రెండో తేడా దగ్గర యంత్రం ఏమీ అనదు. జవాబు మాత్రం మారిపోతుంది. ఇలాంటివే ఎక్కువ ప్రమాదకరం.

సి ప్లస్ ప్లస్ పుస్తకాలకూ ఇలాంటి ఆనవాలు ఉంది. మొదటి వరుసలో ‘ఐఓస్ట్రీమ్’ పక్కన చుక్క, హెచ్ అక్షరం కనిపిస్తే అది 1998లో ఆ భాషకు ప్రామాణిక రూపం రాకముందటి పద్ధతి. ఇప్పటి కంపైలర్లు దాన్ని అంగీకరించవు.

వెబ్ డిజైన్.. తప్పు చెప్పని బ్రౌజర్

వెబ్ డిజైన్ నేర్చుకునేవారు మరింత అప్రమత్తంగా ఉండాలి. ఎందుకంటే ఇక్కడ పాత పద్ధతిలో రాసినా బ్రౌజర్ ఎర్రర్ చూపదు. ఎలాగోలా పేజీని తెరపై నిలబెడుతుంది. నేర్చుకునేవారు అంతా సవ్యంగానే ఉందనుకుంటారు. ఆ పేజీని ఫోన్‌లో తెరిచినప్పుడో, ఉద్యోగానికి వెళ్లి చూపించినప్పుడో అసలు విషయం బయటపడుతుంది.

1990ల చివర, 2000ల తొలినాళ్ల పుస్తకాలు పేజీని గడులుగా విభజించేందుకు పట్టికలను, అక్షరాల రంగు కోసం ‘ఫాంట్’ ట్యాగును, తెరను ముక్కలు చేసేందుకు ‘ఫ్రేమ్‌సెట్’ను నేర్పాయి. ఆనాటికి అవే మార్గాలు. హెచ్‌టీఎంఎల్ 5ను 2014 అక్టోబరులో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం అధికారిక ప్రమాణంగా ప్రకటించింది. అందులో ఫాంట్, ఫ్రేమ్‌సెట్ వంటివి కాలం చెల్లినవిగా పేర్కొన్నారు. పేజీ రూపురేఖలన్నీ సీఎస్ఎస్‌కు అప్పగించారు. గడుల అమరికకు ‘ఫ్లెక్స్‌బాక్స్’, ‘గ్రిడ్’ వచ్చాయి. వీటిలో గ్రిడ్‌ను ప్రధాన బ్రౌజర్లు 2017లో అందిపుచ్చుకున్నాయి. కాబట్టి వెబ్ డిజైన్ పుస్తకం కొనేముందు విషయసూచికలో ఈ రెండు పదాలు, ఫోన్ తెరకు తగినట్లు పేజీని అమర్చే పద్ధతి ఉన్నాయో లేవో చూడాలి. జావాస్క్రిప్ట్ పుస్తకమైతే 2015లో ఆ భాషలో చేరిన ‘లెట్’, ‘కాన్‌స్ట్’ పదాలు తొలి అధ్యాయాల్లోనే కనిపించాలి.

ఫ్లాష్‌తో కదిలే బొమ్మలు చేయడం నేర్పే పుస్తకాలు ఇప్పటికీ పాత దుకాణాల్లో దర్శనమిస్తాయి. అడోబ్ సంస్థ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ప్లేయర్‌కు స్వస్తి పలికింది. ఫ్రంట్‌పేజ్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఆపేసింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ సైతం 2022 జూన్‌లో విరమించింది. ఈ మూడింటిలో ఏ ఒక్కదానికి సగం పుస్తకం కేటాయించి ఉన్నా అది కొనదగినది కాదు.

తెలుగులో వెబ్ పేజీలు చేయాలనుకునేవారు మరో విషయం చూసుకోవాలి. 2000ల దశకంలో పలు తెలుగు వెబ్‌సైట్లు సొంత ఫాంట్లతో నడిచేవి. ఆ ఫాంటు లేని యంత్రంలో అక్షరాలకు బదులు పిచ్చిగీతలు కనిపించేవి. యూనికోడ్ వాడకం విస్తరించాక ఆ ఇబ్బంది తొలగింది. డీటీపీ కేంద్రాల్లో వాడే అను ఫాంట్ల టైపింగ్ నేర్పే పుస్తకం అచ్చు పనికి ఉపయోగపడుతుంది తప్ప వెబ్‌కు చాలదు. వెబ్ కోసం యూనికోడ్, యూటీఎఫ్-8 గురించి వివరించిన పుస్తకమే కావాలి.

ట్యాలీ, ఆఫీస్ నేర్చుకునేవారికీ జాగ్రత్త

బీకాం పూర్తిచేసిన గ్రామీణ యువతకు పత్తి మిల్లుల్లో, ఎరువుల దుకాణాల్లో, ఆడిటర్ల వద్ద ఉపాధి చూపేది ట్యాలీ. ఈ పుస్తకాల విషయంలో రెండు మార్పులను గుర్తుంచుకోవాలి. ఒకటి పన్నుల్లో వచ్చింది. 2017 జులై 1 నుంచి జీఎస్టీ అమలులోకి వచ్చింది. అంతకు ముందు అచ్చయిన పుస్తకాలు వ్యాట్ లెక్కలు చెబుతాయి. రెండోది సాఫ్ట్‌వేర్‌లో వచ్చింది. 2009లో వచ్చిన ట్యాలీ ఈఆర్‌పీ 9 స్థానంలో 2020 నవంబరులో ట్యాలీ ప్రైమ్ వచ్చింది. తెర అమరిక, కొన్ని షార్ట్‌కట్ మీటలు మారాయి. ‘గో టు’ అనే కొత్త సదుపాయం చేరింది.

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీలో 12, 28 శాతం శ్లాబులను చాలావరకు తొలగించి, ప్రధానంగా 5, 18 శాతం శ్లాబులను ఉంచారు. కొన్ని వస్తువులకు 40 శాతం విధించారు. అంతకు ముందటి పుస్తకంలోని ఉదాహరణల్లో పాత శాతాలే ఉంటాయి. దానివల్ల ఆ పుస్తకాన్ని పారేయాల్సిన పనిలేదు. వోచర్ ఎలా నమోదు చేయాలి, లెడ్జర్ ఎలా తెరవాలి అన్న విధానం మారలేదు. శాతాన్ని మాత్రం సరిచేసుకుంటే సరిపోతుంది. వ్యాట్ కాలం నాటి పుస్తకానికి మాత్రం ఈ సవరణ చాలదు.

ఎంఎస్ ఆఫీస్‌లో 2003 వరకు పైన మెనూలు ఉండేవి. 2007 నుంచి వాటి స్థానంలో రిబ్బన్ వచ్చింది. అందువల్ల 2003 నాటి పుస్తకం చూసి నేర్చుకునేవారు ప్రతి ఆదేశాన్నీ వెతుక్కోవాల్సి వస్తుంది. అయితే ఎక్సెల్‌లో సూత్రాలు రాసే పద్ధతి చాలావరకు పాతదే. డీటీపీకి పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. కొన్ని అచ్చు కేంద్రాల్లో ఇంకా వాడుతున్నారని దాన్ని నేర్చుకోవడం తప్పు కాదు. అదొక్కటే నేర్చుకుంటే మాత్రం అవకాశాలు పరిమితమవుతాయి.

పాతవన్నీ పనికిరానివి కావు

ఇంతవరకు చదివి పాత పుస్తకాలన్నీ వృథా అనుకోవద్దు. కంప్యూటర్ పుస్తకాలు స్థూలంగా రెండు రకాలు. పరికరాన్ని వాడటం నేర్పేవి మొదటి రకం. ఆలోచనా విధానాన్ని నేర్పేవి రెండో రకం. మొదటి రకానికి ఆయుష్షు తక్కువ. రెండో రకానికి ఎక్కువ.

‘సి’ భాషను రూపొందించిన డెన్నిస్ రిచీ, బ్రయాన్ కెర్నిఘన్‌తో కలిసి రాసిన ‘ది సి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్’ 1978లో వెలువడింది. రెండో ఎడిషన్ 1988లో వచ్చింది. 272 పేజీల ఆ పుస్తకాన్ని నేటికీ ప్రోగ్రామర్లు గౌరవంతో చదువుతారు. కారణం అది ఏ ఒక్క కంపైలర్‌కూ కట్టుబడకుండా భాషను వివరించడమే. అయితే అందులోనూ ‘గెట్స్’ వంటి అంశాలు కాలక్రమంలో ‘సి’ నుంచి తొలగాయి. భద్రతాపరమైన ప్రమాదం ఉందని 2011 నాటి ప్రమాణం నుంచి దాన్ని తీసేశారు. పైగా ఆ పుస్తకం ప్రోగ్రామింగ్‌తో ముందే కొంత పరిచయం ఉన్నవారికి రాసింది. గొప్ప పుస్తకం కదా అని మొట్టమొదటే అది పట్టుకుంటే కొరుకుడు పడకపోవచ్చు. డేటాబేస్ సిద్ధాంతాలు, అల్గారిథమ్‌లు, ఎస్‌క్యూఎల్ ప్రాథమికాంశాలు, గణాంక పద్ధతులు చెప్పే పాత పుస్తకాలు చవకగా దొరికితే నిశ్చింతగా కొనవచ్చు.

మన విద్యార్థులకు చిరపరిచితమైన యశవంత్ కనేట్కర్ ‘లెట్ అజ్ సి’, ఇ.బాలగురుసామి ‘ప్రోగ్రామింగ్ ఇన్ ఆన్సి సి’ పలు ఎడిషన్లుగా వెలువడ్డాయి. కాబట్టి పేరు ఒకటే అయినా చేతిలో ఉన్నది ఏ ఎడిషన్ అన్నది ముఖ్యం. సీనియర్ చెప్పిన పేరుతో పాటు ఎడిషన్ సంఖ్యను కూడా అడిగి రాసుకోవాలి.

దుకాణంలో పది నిమిషాల పరీక్ష

పుస్తకం కొనేముందు దుకాణంలోనే నిలబడి కింది అంశాలను వరుసగా పరిశీలిస్తే చాలావరకు పొరపాట్లు తప్పుతాయి.

1. ముద్రణ వివరాలు: లోపలి అట్ట పేజీ వెనుక సంవత్సరాలు ఉంటాయి. ఎడిషన్, రీప్రింట్ వేర్వేరు. కొత్త ఎడిషన్ అంటే విషయాన్ని సవరించారని అర్థం. రీప్రింట్ అంటే పాత విషయాన్నే మళ్లీ అచ్చు వేశారని అర్థం. ‘2023 రీప్రింట్’ అని ఉన్న పుస్తకం 2006 నాటి ఎడిషన్ కావచ్చు. చూడాల్సింది ఎడిషన్ సంవత్సరమే.

2. వెర్షన్: ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్ ఆధారంగా రాశారో ముందుమాటలో ఉంటుంది. ఇంట్లో లేదా కళాశాలలో ఉన్నదానితో అది సరిపోవాలి. ఆ వివరమే లేని పుస్తకాన్ని పక్కన పెట్టడం మేలు.

3. ఎవరికోసం: ముందుమాటలో పాఠకుడికి ఏమేమి తెలిసి ఉండాలో రచయిత చెబుతాడు. ‘ఏదైనా ఒక భాష తెలిసినవారికి’ అని ఉంటే అది తొలి పుస్తకం కాదు.

4. మధ్య పేజీ: మొదటి అధ్యాయం అన్ని పుస్తకాల్లోనూ సులభంగానే ఉంటుంది. అది చూసి కొనకూడదు. మూడో అధ్యాయంలో రెండు పేజీలు చదవాలి. అందులో వాడిన పదాలను అంతకు ముందే వివరించారా అని చూడాలి. వివరించని పదాలు అరడజను కనిపిస్తే ఆ పుస్తకం ప్రస్తుతానికి బరువే.

5. అభ్యాసాలు: అధ్యాయం చివర స్వయంగా రాయాల్సిన లెక్కలు ఉండాలి. కనీసం కొన్నింటికైనా జవాబులు ఉండాలి. చెప్పేవారు లేనిచోట జవాబులే సరిచూసుకునే ఆధారం.

6. పదసూచిక: చివర అకారాది క్రమంలో పదాలు, పేజీ సంఖ్యలు ఉండాలి. ఎర్రర్ వచ్చినప్పుడు వెతుక్కోవడానికి ఇదే దారి.

7. సీడీ: ప్రోగ్రాములన్నీ వెనుక అతికించిన సీడీలో ఉన్నాయని రాస్తే జాగ్రత్త. ఇప్పటి చాలా ల్యాప్‌టాప్‌లలో సీడీ పెట్టే అరే ఉండదు. పాత దుకాణాల్లో అయితే ఆ సీడీయే ఉండదు.

మందం, గడువు చూసి మోసపోవద్దు

వెయ్యి పేజీల పుస్తకంలో ఎక్కువ విషయం ఉంటుందన్నది అపోహ. తెరపై కనిపించే బొమ్మలతో, మెనూల జాబితాలతో పేజీలు నింపిన పుస్తకాలే వెర్షన్ మారగానే ముందుగా పాతబడతాయి. 24 గంటల్లో, 21 రోజుల్లో అంటూ గడువు పెట్టిన శీర్షికలు చూసి ఆశపడటమూ తగదు. గూగుల్ సంస్థలో పరిశోధన విభాగానికి నేతృత్వం వహించిన పీటర్ నార్విగ్, ఇలాంటి శీర్షికలకు జవాబుగా 2001లోనే ఒక వ్యాసం రాశారు. పదేళ్లలో ప్రోగ్రామింగ్ నేర్చుకోండని దానికి పేరు పెట్టారు. 21 రోజుల్లో రాలేదని నిరాశ చెందే విద్యార్థి ఈ మాటను గుర్తుంచుకోవాలి. ఆ గడువు ప్రచురణకర్తది. విద్యార్థి శక్తికి అది కొలమానం కాదు.

హైదరాబాద్ అమీర్‌పేటలో దొరికే శిక్షణ కేంద్రాల జిరాక్స్ నోట్సు చాలామంది ఊళ్లకు తెచ్చుకుంటారు. తరగతి విన్నవారికి అది జ్ఞాపిక. విననివారికి కేవలం సూచనల జాబితా. పుస్తకానికి అది ప్రత్యామ్నాయం కాదు.

తెలుగులోనా.. ఆంగ్లంలోనా?

తెలుగు మాధ్యమంలో చదివినవారిని వేధించే ప్రశ్న ఇది. రెండూ కావాలన్నదే సరైన జవాబు. భావం పట్టుబడేది మాతృభాషలోనే. అయితే ప్రోగ్రామ్ రాయాల్సింది, ఎర్రర్ కనిపించేది ఆంగ్లంలో. అందువల్ల తెలుగు పుస్తకం ఎంచుకునేటప్పుడు సాంకేతిక పదాన్ని పూర్తిగా అనువదించి వదిలేయకుండా, వాడుకలోని ఆంగ్ల పదాన్ని కూడా ఇచ్చారో లేదో చూడాలి. ‘చలరాశి’ అని మాత్రమే చదివిన విద్యార్థి తెరపై ‘వేరియబుల్’ అన్న పదం చూసి తెల్లబోతాడు.

ఐఐటీ బాంబే నిర్వహిస్తున్న ‘స్పోకెన్ ట్యుటోరియల్’ ప్రాజెక్టులో లినక్స్, లిబ్రే ఆఫీస్, ప్రోగ్రామింగ్ భాషలు వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లపై పాఠాలు ఉన్నాయి. వీటిలో పలు పాఠాలకు తెలుగు వ్యాఖ్యానం ఉంది. తెర ఆంగ్లంలో, వివరణ తెలుగులో సాగడం వల్ల పుస్తకానికి ఇవి మంచి తోడు. అఖిల భారత సాంకేతిక విద్యామండలి ‘ఈ-కుంభ్’ పోర్టల్‌లో ఇంజినీరింగ్, డిప్లొమా పుస్తకాలను తెలుగు సహా భారతీయ భాషల్లో అందిస్తోంది.

డబ్బు లేదని ఆగిపోవద్దు

కొత్త ఆంగ్ల పుస్తకం ఒక్కోటి కూలి కుటుంబానికి రెండు, మూడు రోజుల సంపాదన. అందుకే కొనే ముందు ఉచితంగా లభించేవి చూడాలి. ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల కంప్యూటర్ సైన్స్ పాఠ్యపుస్తకాలు పైథాన్ 3 ఆధారంగా ఉన్నాయి. సంస్థ వెబ్‌సైట్ నుంచి అధ్యాయాల వారీగా ఉచితంగా దించుకోవచ్చు. సిగ్నల్ ఉన్నచోట ఒకసారి దించుకుంటే ఊళ్లో నెట్ లేకపోయినా చదువుకోవచ్చు. ఆంగ్లం ఓ మోస్తరుగా చదవగలిగినవారికి అలెన్ డౌనీ ‘థింక్ పైథాన్’, అల్ స్వైగార్ట్ ‘ఆటోమేట్ ది బోరింగ్ స్టఫ్ విత్ పైథాన్’ పుస్తకాలను రచయితలే ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంచారు. రెండో పుస్తకం ఫైళ్లు, ఎక్సెల్ పట్టికలతో పని చేయించడం నేర్పుతుంది కాబట్టి కార్యాలయ ఉద్యోగాలు ఆశించేవారికి ఉపయుక్తం. జావాస్క్రిప్ట్‌కు ‘ఎలొక్వెంట్ జావాస్క్రిప్ట్’ ఇలాగే లభిస్తుంది. ఇది కొంత కఠినమైనది. రెండో పుస్తకంగా చదవడం మంచిది. వెబ్ డిజైన్‌కు మొజిల్లా సంస్థ ఆధ్వర్యంలోని ఎండీఎన్ పాఠాలు ఎప్పటికప్పుడు సవరణకు నోచుకుంటాయి.

మన ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా చెల్లిస్తున్నాం. అందువల్ల శాఖా గ్రంథాలయంలో అవసరమైన పుస్తకాన్ని అడిగే హక్కు పాఠకులకు ఉంది. పుస్తకం పేరు, రచయిత, ఎడిషన్ రాసి గ్రంథాలయాధికారికి విద్యార్థులు నలుగురైదుగురు కలిసి అర్జీ ఇస్తే జిల్లా గ్రంథాలయ సంస్థ దృష్టికి వెళుతుంది. ముగ్గురు మిత్రులు మూడు వేర్వేరు పుస్తకాలు కొని మార్చుకోవడం మరో మార్గం. ముగ్గురూ ఒకే పుస్తకం కొనడం కంటే ఇది మేలు. ఒక పుస్తకంలో అర్థం కానిది మరోదానిలో అర్థమవుతుంది. పాత పుస్తకాల దుకాణానికి వెళ్లడమూ మంచిదే. అయితే పైన చెప్పిన పరీక్ష పెట్టాకే బేరం ఆడాలి.

ఒక్క నియమం

పుస్తకం కొన్నాక పాటించాల్సిన నియమం ఒక్కటే. చదివిన ప్రతి ప్రోగ్రామ్‌ను సొంతంగా టైప్ చేయాలి. ఎర్రర్ వస్తే ముందుగా అక్షరదోషాలు చూడాలి. రెండుసార్లు సరిచూశాక కూడా పనిచేయకపోతే మూడోసారి పుస్తకాన్ని అనుమానించాలి. ఎడిషన్ ఏదో చూసి, అదే అంశాన్ని మరో పుస్తకంలో సరిపోల్చుకోవాలి. అధ్యాపకుడినో, సీనియర్‌నో అడగాలి. అంతకు ముందే తనను తాను నిందించుకోవడం సరికాదు.

అటక మీదకు చేరిన ఆ పుస్తకం ఇప్పుడు మళ్లీ కిందకు దిగింది. ఆ విద్యార్థి గ్రూపు మార్చుకోలేదు. పుస్తకంలో కొత్త కంపైలర్‌కు సరిపడని చోట్లన్నీ పెన్సిల్‌తో గుర్తుపెట్టుకుంటూ చివరి అధ్యాయం వరకు వచ్చాడు. తర్వాత తన ఊరి నుంచే కళాశాలలో చేరిన జూనియర్‌కు దాన్ని ఇచ్చేశాడు. లోపలి అట్టపై ఒక చీటీ అతికించాడు. ఏ వరుసలు తీసేయాలి, ఏ పదం మార్చాలి, ఏ పేజీలో జవాబు వేరుగా వస్తుంది అన్న వివరాలు అందులో ఉన్నాయి. చివర ‘ఎర్రర్ వస్తే భయపడకు, ముందు ఈ చీటీ చూడు’ అని రాశాడు.